నర్సవ్వ చేపు

ఎల్లారెడ్డి దాపున ఉన్న ఆ పల్లెలో నర్సవ్వ చేతికి లొంగని బర్రె లేదు. ముందు దుడ్డెను విడిచి కాసేపు చీకనిచ్చి, పొదుగు నిమిరి, "రా తల్లీ, చేపవే తల్లీ" అని బతిమాలితే చాలు, ఎంత పొగరుబోతు బర్రెకైనా పాలు దిగేవి. అలా దిగడాన్నే చేపు అంటారు. నిజాంసాగర్ కట్ట పూర్తయిన కొన్నేళ్ళకు తోడికోడలిగా వచ్చిన లింబవ్వకు పాలు పితకడం నేర్పింది కూడా ఆమే.

అటువంటి నర్సవ్వకు ఇప్పుడు లింబవ్వను చూస్తే కడుపు మండిపోతోంది.

ఇద్దరూ ఒకే నెలలో కన్నారు. నర్సవ్వ ఇంట్లోనే, పద్ధతి ప్రకారం కన్నది. "ముర్రుపాలు బిడ్డకు అరగవు, పిండి పారబొయ్యి" అని అత్త మంగవ్వ చెబితే పారబోసింది. బిడ్డకు గుడ్డవత్తితో మేకపాలు పట్టారు. పాలు తెల్లబడ్డాక రొమ్ముకు పెడదామనుకుంటే, రొమ్ములు అప్పటికే రాయిలా గట్టిపడి, ఆనక పాలు ఎండిపోయాయి. లింబవ్వకేమో జొన్నచేనులోనే నొప్పులొచ్చాయి. వద్దనేవాళ్ళు పక్కన లేక, ఏడుస్తున్న పిల్లవాణ్ణి అక్కడే రొమ్ముకు అదుముకుంది. మంగవ్వ వచ్చి నెత్తి కొట్టుకునేసరికి వాడు ముర్రుపాలు తాగి నిద్రపోతున్నాడు.

ఇప్పుడు వాడు గుమ్మడిపండులా ఉన్నాడు. నర్సవ్వ కూతురు వడలిన తీగలా ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళంతా వాణ్ణే ఎత్తుకునేవారు. గోడ అవతల వాడు గుటకలు వేసే చప్పుడు వినిపిస్తే నర్సవ్వ చెవులు మూసుకునేది. దీపం ముందు కూర్చుని బిడ్డకు ఆయుష్షు అడగవలసింది పోయి, "దానికే ఎందుకిచ్చినవ్ మల్లన్నా?" అని అడిగేది. లింబవ్వ రోజూ వేడి జొన్నగట్కలో ఎల్లిపాయ కారం వేసి, తాను తినకముందే ఆమెకు పెట్టేది. అదీ కంటగింపే అయింది.

ఒకనాడు పొద్దున మేకపాలు పడక పసిదానికి విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి కళ్ళు లోపలికి పోయాయి. ఏడుపు సన్నబడింది.

"ఇటియ్యక్కా, జర నా రొమ్ముకు పెడ్త" అని లింబవ్వ చేతులు చాచింది.

"నీకిస్తే నిన్నే అవ్వ అనుకుంటది. నా ఏడుపు నీకు నవ్వులాటైందా?"

"నవ్వుతున్ననా అక్కా? పొల్ల సోలిపోతున్నది, సూడు!"

నర్సవ్వ ఇచ్చింది. బిడ్డ ఆబగా తాగుతుంటే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆ చిన్న పిడికిలి లింబవ్వ రవిక అంచును పట్టుకుని ఉండడం చూసేసరికి గుండెలో మళ్ళీ నిప్పు రగిలింది.

"ఇగ నీ రొమ్ముకు పెట్టు" అంది లింబవ్వ.

"ఎండిన రొమ్ముకా? ఎక్కిరిస్తున్నవా?"

"దుడ్డెను కట్టేసి బర్రెను చేపమంటే చేపుతదా అక్కా? గా మాట నాకు చెప్పింది నువ్వే గద!"

నర్సవ్వ బిడ్డను తీసుకుని తన రొమ్ముకు పెట్టుకుంది. బర్రె దగ్గర ఏనాడూ చేయని తప్పు కన్నబిడ్డ దగ్గర చేసింది. మూలన కూర్చున్న మంగవ్వ తల దించుకుంది.

ఆనాటి నుంచి ప్రతిసారీ ముందు నర్సవ్వ రొమ్ము, ఆ తర్వాతే లింబవ్వ రొమ్ము. బిడ్డ చీకినప్పుడల్లా నర్సవ్వ పొత్తికడుపులో మెలిపెట్టేది. "నాకూ గట్లనే అయింది. గా నొప్పితోనే నా కడుపు లోపలికి పోయింది, నెత్తురు పోవుడు తగ్గింది. భయపడకు" అనేది లింబవ్వ, ఆమె నడుం రాస్తూ.

ఒక పొద్దున బిడ్డ పెదవి చివర తెల్లటి చుక్క నిలిచింది.

"చేపిందే! లింబవ్వా, చేపిందే!"

ఇక మేకపాల గిన్నె బోర్లించారు. విరేచనాలు మళ్ళీ రాలేదు. పసిదాని బుగ్గలు పూడుకున్నాయి.

ఒక సాయంత్రం కూతురు కడుపునిండా తాగి కునుకుతుంటే, లింబవ్వ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఇగ నాకాడికి రాదా అక్కా?" అంది నవ్వబోతూ.

ఆ గొంతులోని జీర నర్సవ్వకు కొత్త కాదు. ఇన్నాళ్ళూ తన గొంతులో ఉన్నదే. ముందు గర్వం కలిగింది, వెంటనే జాలి వేసింది. బిడ్డను మెల్లగా తీసి తోడికోడలి ఒడిలో పెట్టింది.

"జర పట్టుకో చెల్లె. దుడ్డెను విడిచొస్త."