ఆదివారం కాగిన నీళ్లు

ఇయ్యాల ఆదివారం, నాకు బొగ్గుబాయి డ్యూటీ లేదు. అయినా మధ్యాహ్నం షిఫ్టు విడిచే సైరన్ మోగంగనే మా ఆమె అలవాటుకొద్ది పొయ్యి మీద నా తానానికి నీళ్లు పెట్టింది. నాకు నవ్వొచ్చింది.

నవ్వుకుంటనే వారం ముచ్చట తీసిన. సోమవారం బాయిల మాతోని పని చేయించే సర్దార్‌తోని లొల్లి, బుధవారం బూటు చినిగింది, శుక్రవారం దోస్తు ఇంట్ల దావత్ ఒక్కటే జర మంచిగుండె. "పాడు వారం" అన్న.

"ఏందయ్యా గట్లంటవ్? ఆరు దినాలు నీళ్లు పెట్టిన, ఒక్కనాడన్న సల్లారినయా? పోయిన నెల పక్కింటి అక్క పెట్టిన నీళ్లు సల్లారినయి. బావ బాయిలకెళ్లి పైకి రానేలేదు" అన్నది మా ఆమె.

మీ ఇండ్లల్ల వారం మంచిగ గడిచిందని ఎట్ల చెప్తరో ఏమో, జర చెప్పుండ్రి. నేనైతే పొద్దుగాలనే తానం చేసినోన్ని, ఆ నీళ్లు సల్లారకముందే మళ్ల పోసుకున్న.