హార్బరులో కోసేసిన తాడు

దెయ్యాల మాట ఎత్తితే నవ్వి ఊరుకునే రకాన్ని నేను. "మా అత్తనే చూసినవాణ్ణి, నన్ను దెయ్యమేం చేస్తుంది?" అనేవాణ్ణి. ఐదో తరగతిలోనే బడి మానేసినా, కళ్ళతో చూడనిది నమ్మకూడదన్న పాఠం మాత్రం బాగా వచ్చు. ఇది నేను చూడలేదు. చేత్తో పట్టుకున్నాను.

అరవైల చివరి రోజులు. విశాఖలో నేవీ వాళ్ళు హార్బరు పెంచుతున్నారు. మా భావనపాడులో చేపల వేట సరిగ్గా పడక, నేనూ మా అక్క మొగుడూ అక్కడికి పనికి వెళ్ళాం. హార్బరు కట్టిన కాలంలో దొరలు అలల పోటు ఆపడానికి రెండు పాత ఓడల్లో రాళ్ళు నింపి, ముఖద్వారం దగ్గర ముంచేశారట. ఆ పక్కన అడుగున పడి ఉన్న పాత ఇనుము వెతకడం మా పని. బావ నడుముకి తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగేవాడు. రెండో కొస పడవలో ఉన్న నా చేతిలో. కింద నుంచి మూడుసార్లు గుంజితే ఎత్తేయాలి.

అక్కకు అప్పటికి నెలలు నిండాయి. బయల్దేరేటప్పుడు నాతో ఒకటే అంది: "మీ బావకి మొండితనం ఎక్కువ. నువ్వే సూసుకో రా."

ఆ రోజు పదిగంటల ఎండ. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. దిగిన బావ చాలాసేపటికి గాని రాలేదు. వచ్చింది కూడా పడవకి అవతలి వైపు, చేతిలో కత్తితో, ముక్కులోంచి రక్తంతో. లోపలికి లాగాను.

"ఇనప ముక్కల్లో తాడు ఇరుక్కుపోనాది రా. కోసీసి వచ్చీసినాను," అన్నాడు రొప్పుతూ.

తాడు కొస ఇంకా నా చేతిలోనే ఉంది. అది గుంజింది. ఒకటి. రెండు. మూడు.

"బావా, నువ్వు పైకొచ్చినట్టా, రానట్టా? కింద ఇంకో పెళ్ళాన్ని పెట్టినావేటి?" అన్నాను. నవ్వింది నేనొక్కణ్ణే.

మళ్ళీ మూడు. మధ్యలో సమానమైన ఎడం. నీటి పోటు అలా లెక్కపెట్టి గుంజదు. లాగాను. మొదట బిగిసింది, తర్వాత పైకి రావడం మొదలెట్టింది. బరువుగా ఉంది, కాళ్ళు ఆడించే బరువు. రోజూ బావని ఎత్తే చేతులు నావి, ఇనుముకీ మనిషికీ తేడా తెలుసు. 

"మడిసి రా! ఎవుడో ఇరుక్కుపోనాడు!" బావ మళ్ళీ కత్తి అందుకుని పడవ అంచు ఎక్కాడు. ఇంకా ఊపిరి కుదుటపడలేదు. దిగితే తిరిగి రాడు.

నాకున్నవి రెండు చేతులే. తాడు వదిలేసి బావ నడుము వాటేసుకున్నాను. నా అరచేతి తోలు లాక్కుని మరీ తాడు నీళ్ళలోకి పోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

మా పని మేస్త్రీ అక్కడ ఇనుము తీసే అన్ని పడవల మనుషుల్నీ లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు. రెండు రోజులు వెతికించాడు. అడుగున మనిషీ లేడు, తాడూ లేదు.

అక్కకి కొడుకు పుట్టాడు. బావ ఆ తర్వాత చాలా ఏళ్ళు నీళ్ళలోకి దిగాడు గానీ, మర్నాటి నుంచే తన తాడు వేరేవాడి చేతికిచ్చాడు. ఏటి బావా అంటే, "నువ్వు వదిలేస్తావు రా," అన్నాడు, కోపం లేకుండానే.

అక్కడ ఎవరున్నారో నాకిప్పటికీ తెలీదు. ఇంకో రెండు బారలు లాగి ఉంటే తెలిసేది. అది తలుచుకుంటే, ఆ రోజు కంటే ఇప్పుడే ఎక్కువ భయమేస్తుంది.