వస్తాదుగారి పాదం అలికేసిన అసిరమ్మ

చీపురుపల్లి దాపునున్న ఆ ఊళ్ళో అసిరమ్మ మాట చెల్లేది ఒక్క చోటే. ఇంట్లో అత్తగారి మాట, పొలంలో మొగుడు కూర్మయ్య మాట. వస్తాదు పోతురాజుగారి ఇంట్లో మాత్రం ఆవిడ "సెప్పులు బయట" అంటే పంచాయతీ ప్రెసిడెంటైనా విప్పాల్సిందే.

పోతురాజుగారు పిల్లాజెల్లా లేకుండా పోయాక, ఆ పెంకుటిల్లు పడిపోకుండా ఊరివాళ్ళే చూసుకుంటున్నారు. కూలీనాలీ ఎవరికీ లేదు. ఒకరు పెంకులు సర్దేవారు, ఒకరు ఆయన ఎత్తిన రాళ్ళకి నూనె రాసేవారు. ఊడ్చి అలకడం, పొరుగూరివాళ్ళు వస్తే తిప్పి చూపించడం అసిరమ్మ పని. రాళ్ళకన్నా అందరూ ఎగబడి చూసేది నడవలోని పాదం. ఇల్లు కట్టేటప్పుడు తడి నేల మీద ఆయన పొరపాటున కాలేశారు. అది అలాగే ఎండిపోయింది. అసిరమ్మ ఎప్పుడు అలికినా దాన్ని తప్పించే అలికేది. అందులో పిల్లిపిల్ల ముడుచుకు పడుకోవచ్చు.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఎరువుల బస్తాలకి చోటు కావలసి పంచాయతీ కన్ను ఆ ఇంటి మీద పడింది. ఇల్లు ఇలాగే ఉంచాలో, బస్తాలకి ఇవ్వాలో తాసీల్దారుగారు వచ్చి తేలుస్తారని కబురొచ్చింది. అసిరమ్మకి ఆ పూట అన్నం సయించలేదు.

ఆయన వచ్చే ముందురోజు ఆవిడ కొత్తమన్ను తెచ్చి, పేడ కలిపి, నడవంతా మెత్తింది. ఆ కంగారులో గుంటలన్నీ పూడ్చింది. చేతులు కడుక్కుని గడప దగ్గర నిలబడి చూసుకుంది. నేల అద్దంలా ఉంది. పాదం లేదు.

ఇంటి బాగోగులు చూసే కమిటీకి పెద్ద జగన్నాధం. వరసకి బావ. వచ్చి చూసి గోడకి చేరబడిపోయాడు.

"ఏటి సేసినావే అసిరీ? ఊరి పరువు మీద పేడ మెత్తీసినావు."

"మెత్తితే మెత్తినాను బావా. తడారకముందే ఓ కాలు సూడు."

మగాళ్ళందరి కాళ్ళూ చూశారు. జగన్నాధంది పావురం కాలు. కూర్మయ్యది పెద్దదే గాని బొటనవేలు ఎప్పుడో నాగలికర్రు కింద పోయింది. చివరికి అందరి చూపూ అసిరమ్మ కాళ్ళ మీదికి దిగింది. ఆవిడ చీర కిందికి లాక్కుంది. బస్తాలు గుర్తొచ్చి మళ్ళీ పైకెత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. ఇంకా తొక్కమని, వస్తాదునని అనుకోమని జగన్నాధం పక్కనుంచి పురమాయించాడు.

మర్నాడు తాసీల్దారుగారు చెప్పులు విప్పి లోపలికొచ్చారు. రాళ్ళు చూశారు. పాదం దగ్గర గొంతుక్కూర్చుని ఎంతకీ లేవలేదు.

"పోతురాజుగారు మెట్టెలు పెట్టుకునేవారా?"

రెండో వేలి కింద మెట్టె చుట్టు అచ్చుగుద్దినట్టు దిగింది.

జగన్నాధం దగ్గి, వస్తాదులు బలానికి వెండి కట్టుకుంటారని మొదలుపెట్టాడు. వెనకవాళ్ళు ఔనౌనని తలలాడించారు. ఒకాయన తన కళ్ళతో చూశానన్నాడు. ఇంకాసేపైతే పోతురాజుగారికి చీర కూడా కట్టించేలా ఉన్నారు. అసిరమ్మ ఇక ఊరుకోలేకపోయింది.

"అది నా కాలు బాబూ. ఆరి కాలు నానే అలికీసినాను. ఇల్లు సుబ్బరంగా ఉంటే మాకు ఉంచుతారని మెత్తినాను. తప్పు నాది. ఇంటిది కాదు."

తాసీల్దారుగారు మెట్టె అచ్చు చూశారు, ఆవిడని చూశారు. నవ్వాపుకోడానికి జేబురుమాలు తీశారు గాని అది చాల్లేదు. తేరుకున్నాక, ఈవిడుండే ఇంట్లో బస్తాలు పెడితే వాటిని కూడా అలికేస్తుందని, ఎరువు రైతులకి దక్కదని అన్నారు. బస్తాలు సంతపాకలో వేయించుకోమన్నారు. ఆ కొత్త పాదాన్ని జగన్నాధం చేతే చదును చేయించారు. ఇల్లు ఊరికి ఉంచారు గాని ఒక షరతు పెట్టారు. చూపించే పని అసిరమ్మదే, కానీ చీపురూ పేడా ఆవిడ ముట్టకూడదు.

ఇప్పుడు ఎవరైనా వస్తే ఆవిడ పాదం ఉండిన చోటు చూపించి, తను చేసిన పని చెప్పి, అదెంత పొడుగో చేతులు చాపి చూపిస్తుంది. ఎవరూ లేనప్పుడు దూలం కింది సాలెగూడు చూస్తూ, అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటుంది. మొన్న కూర్మయ్యకి అన్నం వడ్డిస్తూ, సాలీడు కిటికీ వైపు కూడా మొదలెట్టేసిందని చెప్పింది. కూర్మయ్య ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి, మజ్జిగ పొయ్యమన్నాడు.