అర్జీలో రాయని ఆరో మాట

ఎవరైనా ఊరికే మంచిగా మాట్లాడితే నాకు నమ్మకం కుదరదు. మాది బాగేపల్లిలో కిరాణా అంగడి పెట్టుకున్న కుటుంబం. సంతలో కొన్న బెల్లాన్ని మా నాన్న ఇంటికి తెచ్చి మళ్ళీ తూకం వేసేవాడు. ఆ బుద్ధి నాతోపాటే చిక్కబళ్ళాపురానికి కాపురానికి వచ్చింది. అందుకే మా ఇంటి వెనక మూతబడిన నూనె మిల్లు స్థలంలో ఏడంతస్తుల ఇళ్ళు కడతారని తెలిసినప్పుడు వీధిలో అందరికంటే ముందు అనుమానపడింది నేనే.

చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన రోజులవి. రైల్వే స్టేషన్ దగ్గర మా వీధిలో పదకొండు ఇళ్ళు ఉండేవి, ఒక్కదానికీ మేడ లేదు. ప్రతి పెరట్లోనూ నీళ్ళు పోసుకునే గది ఉండేది. గది అంటే తలకంటే జానెడు ఎత్తున నాలుగు గోడలు, ఒక రేకు తలుపు, మూలన నీళ్ళు కాచే అండా. పైకప్పు ఉండదు. పొయ్యి పొగ పోవాలని, ఎండ పడి నేల ఆరాలని పెద్దవాళ్ళు అలా కట్టారట.

మా అత్తకు ఆ గది అంటే ప్రాణం. పొద్దున ఎండ గోడ దిగి లోపలికి వచ్చేదాకా ఆగి, వీపుకు వెచ్చగా తగిలేలా పీట వేసుకుని, తీరిగ్గా నీళ్ళు పోసుకునేది. మామ పోయాక ఇంటి బరువంతా ఆమె మీదే పడింది. రోజు మొత్తంలో ఎవరూ ఆమెను ఏదీ అడగని సమయం ఆ కాసేపే.

నాకు మాత్రం ఆ గదిని చూస్తే ఒళ్ళు మండేది. మా ఆయన రోజూ రైలెక్కి బెంగళూరులో ఫ్యాక్టరీ పనికి పోయేవాడు. ఆయన పోయేలోగా నా స్నానమూ వంటా అయిపోవాలి. చలికాలం మంచులో పెరడు దాటి వెళ్ళాలి, తడి చీర చుట్టుకుని పెరట్లో కూర్చున్న చుట్టాల ముందునుంచి తిరిగి ఇంట్లోకి రావాలి. కొత్తలో ఎన్నిసార్లు ఏడ్చానో లెక్కలేదు. ఇంటి లోపలే ఒక గది కట్టించమని అత్తను అడగవచ్చు. కానీ వంటింటి పక్కనే దేవుడి గూడు ఉన్న ఇల్లు అది. మైల నీళ్ళ గది లోపలికి రానిస్తుందా? రానివ్వదని నాకు నేనే తేల్చేసుకుని, ఆరేళ్ళు నోరు మూసుకున్నాను.

ఒకరోజు మా ఆయన స్టేషన్ దగ్గర పంచుతున్న రంగుల కాగితం తెచ్చాడు. రాబోయే ఏడంతస్తుల బొమ్మలు ఉన్నాయి అందులో. ఒక బొమ్మలో పడకగదిని ఆనుకునే స్నానాల గది ఉంది, తెల్లటి టైల్స్, లోపలినుంచి గడియ. ఆయన రైలుకు ఎంత దగ్గరో చూశాడు, నేను ఆ గడియను చూశాను. అంత డబ్బు మా వల్ల ఎక్కడ అవుతుందని ఆయన నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు.

అప్పటికే వీధి రెండుగా చీలింది. సాయంత్రమైతే ఎదురింటి రిటైరయిన మాస్టారి అరుగు మీద ఇదే వాదన. రైలు ఇంత దగ్గర పెట్టుకుని, బెంగళూరుకు పోయేవాళ్ళు ఊరి బయట ఎక్కడో ఇళ్ళు కట్టుకోవడం తెలివితక్కువని మాస్టారు. బోరుబావులు ఇప్పటికే వేసవి రాకముందే ఎండిపోతున్నాయి, ఏడంతస్తుల జనానికి నీళ్ళు ఎవరు తెస్తారని మిగతావాళ్ళు. మండికల్ అనే పల్లెనుంచి వచ్చి మా ఇంటికి పాలు పోసే రైతు ఒకనాడు చెంబులో పాలు పోస్తూ నాతో అన్నాడు.

“మీరు పైకి కట్టుకుంటే మా చేన్లు మిగుల్తాయి గదమ్మా. ఊరు అడ్డంగా పెరిగేకొద్దీ లేఅవుట్లని మా మీదికే వస్తాండారు.”

మాట న్యాయంగానే ఉంది, అయినా నాకు అనుమానమే దిక్కు. ఏడంతస్తులకూ పాలు పోయాలని ఈయన ఆశ కాబోలు అనుకున్నాను. బిల్డర్ మనిషి మాస్టారింట్లో రెండుసార్లు కాఫీ తాగాడు, కాబట్టి మాస్టారు అటువైపు మనిషే. మూడు కాళ్ళ పరికరంతో కొలతలు తీసేవాడు మా గోడ వైపే ఎందుకు తిప్పుతున్నాడని వాడినీ వదల్లేదు. వీధిలో అందరినీ ఇలా జల్లెడ పట్టాను, నన్ను తప్ప.

ఇంతలో ఆ కట్టడం మీద తకరార్లు, అభ్యంతరాలు ఏమైనా ఉంటే రాసివ్వమని నగరసభ, అంటే మా మున్సిపాలిటీ, నోటీసు అంటించింది. మాది కర్ణాటక, అర్జీ కన్నడంలో ఉండాలి. నేను కన్నడంలోనే చదువుకున్నాను, చేతిరాత కూడా బాగుంటుంది. అర్జీ రాసే పని నాకే అప్పగించారు. మగవాళ్ళు ఐదు సంగతులు చెప్పారు: నీళ్ళు చాలవు, మురుగు కాలువ చాలదు, వీధి ఇరుకు, ఇళ్ళ మీద నీడ పడుతుంది, బండ్లు పెరుగుతాయి.

ఆడవాళ్ళు మధ్యాహ్నం మా పెరట్లో చేరి అసలు సంగతి చెప్పారు. పై అంతస్తులో ఎవడు నిలబడ్డా పదకొండు గదులూ మూత తీసిన పెట్టెల్లా కనబడతాయి. ఇది మగవాళ్ళెవరికీ తట్టలేదు, వాళ్ళకు చెప్పడానికి వీళ్ళకు సిగ్గు. నేను కూడా సిగ్గు పడ్డట్టే మాట్లాడాను. ఆఫీసుల్లో అందరూ మగవాళ్ళే, ఎట్లా రాసేదన్నాను.

అత్త దారి చెప్పింది. “మర్యాదగానే రాయి. ఆడోళ్ళకు మరుగు పోతాదని ఒక్క మాట రాస్తే చాలు. వాళ్ళ ఇండ్లల్లో ఆడోళ్ళు లేరా?”

సరేనన్నాను. ఆ సాయంత్రం కూర్చుని ఐదు మాటలు వరుసగా రాశాను. ఆరో అంకె వేసి కలం ఆపాను. ఈ ఒక్క మాటకు ఆఫీసరు దగ్గర సమాధానం ఉండదని, దీనితోనే కట్టడం ఆగిపోవచ్చని నాకు తెలుసు. డబ్బు లేదన్న సంగతీ తెలుసు. అయినా ఆ గడియ వేసుకునే గది ఒకటి నా ఇంటి వెనకే లేస్తుంటే నా చేత్తో ఆపడానికి మనసు రాలేదు. ఆరో అంకెను చెరిపి, అక్కడే కన్నడంలో “ఇట్లు” అని ముగించాను. అత్తకు కన్నడం చదవడం రాదు. నేను చూపించిన చోట వేలిముద్ర వేసింది.

నగరసభలో విచారణ రోజు వీధంతా వెళ్ళాం. ఆఫీసరు ఐదు తకరార్లూ చదివాడు. బిల్డర్ ఇంజనీరు పెద్ద పటం పరిచి ఒక్కోదానికీ జవాబు చెప్పాడు, నీళ్ళకు ట్యాంకర్లు, మురుగుకు వేరే పైపు, ఇలా. ఐదు అయ్యాయి, ఆఫీసరు ఫైలు మూశాడు. అత్త నా వైపు చూసింది. నేను పటం వైపు చూశాను.

ఆమె లేచి నిలబడి, మాకు ఇంకొకటి ఉండాదప్పా అని మొదలుపెట్టి, తలుపు చాటున చెప్పాల్సిన మాట అంతమంది ముందు చెప్పింది. కొందరు నవ్వారు. మా ఆయన తల దించుకున్నాడు. ఆఫీసరు నవ్వలేదు, అర్జీ తిరగేసి చూసి, ఇది ఇందులో లేదే అన్నాడు. గడువు అయిపోయింది, రాయనిది లెక్కలోకి రాదని మెల్లగానే చెప్పాడు. అర్జీ రాసింది ఎవరని కూడా అడిగాడు.

అత్త నన్ను చూడకుండానే చెప్పింది. “రాసినోళ్ళ తప్పు లేదప్పా. నేనే చెప్పడం మర్చిపోతి.”

ఇంజనీరు వెంటనే లేచి, పదకొండు గదులకూ తామే సిమెంటు రేకులు వేయిస్తామన్నాడు. మగవాళ్ళంతా అదేదో గెలుపన్నట్టు తల ఊపారు.

తర్వాత కొన్ని నెలలు అత్త ఆ ఊసే ఎత్తలేదు. ఆ మౌనాన్ని కూడా నేను నమ్మలేదు. చుట్టాల ముందు అంటుందేమో, కొడుకుతో చెబుతుందేమో అని కాచుకుని ఉన్నాను. అనలేదు, చెప్పలేదు. వెనక స్తంభాలు లేచాయి, రెండు అంతస్తులు పూర్తయ్యాయి. ఒకరోజు బిల్డర్ మనుషులు వచ్చి మా గది మీద రేకులు బిగించి వెళ్ళారు. అత్త లోపల నిలబడి పైకి చూసింది. నేను తలుపు దగ్గర ఉన్నాను.

“నీకు ఆ ఇండ్లు కావల్లని ఉండె. నాకు తెలీదనుకుంటివా?” అంది. గొంతులో కోపం లేదు. “ఇంట్లోనే గది కావల్లని నన్నొక మాట అడిగింటే కట్టిచ్చి ఉందును గదమ్మా. మీ మామ ఉన్నప్పుడే అనుకుంటిమి. నువ్వు ఏమీ అనకపోతే, నీకూ నా మాదిరే బయటే బాగుండాదేమో అనుకుంటి.”

నేను తలుపు వదిలి లోపలికి అడుగేశాను.

“ఇప్పుడు చెప్పు, కట్టిద్దామా?” అని అడిగింది. ఆరేళ్ళు కోరుకున్న మాట అది. ఆమె నిలబడిన చోట ఎండ లేదు. కట్టించమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.