పరిగి బాటలో వెనక్కి తిరిగిన మంద

మొన్న ఆదివారం మా మనవడు నన్ను కారులో కూర్చోబెట్టుకుని మోమిన్‌పేట దగ్గర తాను కొన్న రెండెకరాల తోట చూపించడానికి తీసుకెళ్ళాడు. వికారాబాదులో ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో వ్యవసాయం చేస్తానని బయలుదేరిన వీరుడు వాడు. ఆ రెండెకరాల్లోనే జామ, బొప్పాయి, మునగ, ఆకుకూరలు, నాటుకోళ్ళు, చేపల గుంట, ఆరు మేకలు, అవి చాలవన్నట్టు ఓ మూలన తేనెపెట్టెలు. కోళ్ళు ఆకుకూరలు తింటున్నాయి, మేకలు మునగ తింటున్నాయి, మావాడు ఎండ తింటున్నాడు. నన్ను గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టి, అవన్నీ రాసిన ఓ కాగితం చేతిలో పట్టుకుని, "నానమ్మా, మస్తు పరేషాన్ అయితున్న. గిండ్ల ఏది ఉంచాలె, ఏది తీసెయ్యాలె?" అని నసిగాడు.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత పాత సంగతి గుర్తొచ్చింది, సరిగ్గా ఈ ప్రశ్న మీదనే అరవై ఏళ్ళ కిందట మా ఇంట్లో నెల రోజులు పొయ్యి తప్ప ఇంకేదీ సవ్యంగా నడవలేదు. ఆ సంగతి నా ఈడువాళ్ళకు చెప్పుకోవాలనిపించింది. నేను చెబుతుంటే మనవరాలు పుస్తకాల తెలుగులోకి మార్చి రాస్తోంది, మధ్యమధ్య దానికెందుకో నవ్వొస్తోంది, రానీ.

మా అత్తగారి ఊరు తాండూరుకు రెండు కోసుల దూరం. తాతల నాటి నుంచీ గొర్లు కాసిన ఇల్లు. మా మామ చిన్నతనమంతా ఒకరి చేను గట్టు మీద నుంచి ఇంకొకరి చేను గట్టు మీదికి మందను తోలుకుంటూ, ప్రతి గట్టు మీదా తిట్లు తింటూ పెరిగిన మనిషి. ఏ గొర్రె అయినా పొరపాటున నాలుగు ఆకులు కొరికితే మంద మొత్తాన్నీ బందెలదొడ్డిలో పెట్టించి, దాన్ని విడిపించుకోవడానికి పొద్దంతా చేతులు కట్టుకుని నిలబడేలా చేసే రోజులవి. పోలీస్ యాక్షన్ జరిగి పాత పెత్తనాలు కొంచెం సడలిన తర్వాత ఆయన మొదట రెండెకరాల నల్లరేగడి సంపాదించాడు. ఆ రెండెకరాలలో నాగలి పట్టిన రోజున ఊరందరికీ బెల్లం పంచాడట. అక్కడితో ఆగితే మా మామ ఎందుకవుతాడు, ఏటికింత చేర్చి చేర్చి, పదహారేళ్ళ పిల్లగా నేను కాపురానికి వచ్చేనాటికి తొమ్మిదెకరాలు చేసి కూర్చున్నాడు.

తొమ్మిదెకరాలకూ ఒకటే జత ఎడ్లు. చేసేవాళ్ళం ముగ్గురం, మామ, అత్త, నేను. మా ఆయన తాండూరు బండల గనిలో పని చేస్తూ వారానికోసారి ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో, దగ్గుకుంటూ వచ్చేవాడు, మా మరిది మందను తోలుకుని కుల్కచర్ల గుట్టల వైపు వెళితే వానల దాకా ఇల్లు చూసేవాడు కాడు. జొన్న, కంది, పెసర, బావి కింద వరి, దాని పక్కనే మిరప, ఆ గట్టు మీద ఉల్లి, ఇంకో మడిలో చెరకు. పొద్దున మోట కొట్టిన ఎడ్లే పగలు గుంటుక లాగాలి, సాయంత్రం మళ్ళీ మోట. కంది కలుపు తీసేలోపల మిరప ఎండేది, మిరపకు నీళ్ళు పెట్టేలోపల జొన్న మీద పిట్టలు వాలేవి. మేం ఎప్పుడూ ఒక చేలో ఉండి ఇంకో చేను గురించి ఫికరు పడుతూ ఉండేవాళ్ళం.

అసలు తప్పు మాత్రం అది కాదు. నవ్వకండి, ఇది గొర్లవాళ్ళకు తప్ప ఇంకెవరికీ సాధ్యం కాని తప్పు. గొర్రెలు మేసే బీడును కూడా మా మామ దున్నించేశాడు. నాగలి పడని జానెడు నేల కనబడినా ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఊరి పక్కన మేత లేక మంద కొండల పాలైంది. మంద లేని చేనుకు ఎరువు లేదు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో చేనుకు బలం కావాలంటే రాత్రిళ్ళు గొర్రెల మందను దాంట్లో పడుకోబెట్టించేవాళ్ళు, మంద పెట్టడమంటే అదే, నాలుగు రాత్రులు పెడితే మూడు పంటల దాకా ఆ నేల బలం తగ్గేది కాదు. అందుకు గొర్లకాపరికి కుంచెడో రెండు కుంచాలో జొన్నలు కొలిచి పోసేవాళ్ళు. ఊళ్ళ చేలకు బలం పోసిన ఇల్లు మాది, మా చేలోనేమో కంది మోకాలు దాటి లేవలేదు.

చివరికి ఓ ఏడు మా మామ సిగ్గు చంపుకుని, కర్ణాటక వైపు నుంచి వచ్చిన ఓ గొర్లకాపరిని మా చేలో మంద పెట్టమని అడిగాడు. అతను మామ భుజం మీది గొంగడిని, చేతిలోని కట్టెను ఎగాదిగా చూసి, "నిమ్మ కురి ఎల్లి?" అన్నాడు. మీ గొర్రెలేవి అని. కన్నడం అర్థం కానిది మా ఎడ్లకు మాత్రమే. మామ తల వంచుకుని వచ్చేశాడు, ఆ పూట రొట్టె ముట్టలేదు.

ఆ మరునాడే తీర్పు చెప్పాడు. మంద తిరగడానికి మనిషి కావాలి, చేనుకూ మనిషి కావాలి, రెండూ నడవవు కాబట్టి గొర్లను పరిగి అంగట్లో అమ్మేసి మరిదిని చేనుకు తెద్దామని. మా అత్త తల ఎత్తకుండా పిడకలు సర్దుకుంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మందలో పన్నెండు గొర్రెలు నావి, పెళ్ళిలో మా అమ్మగారు నాకు అరణంగా ఇచ్చినవి, అప్పటికి వాటి పిల్లలతో కలిసి ముప్పై దాకా అయ్యాయి. పుట్టింటి నుంచి నాతో వచ్చిన ప్రాణాలు అవే. "మామా, తగ్గించాల్సింది గొర్లను గాదు, భూమిని," అన్నాను. కోడలు మామ ముఖం మీద అట్లా మాట్లాడే రోజులా అవి! "నా పానం ఉండంగ నాగలి దిగిన నేలను బీడు పెట్టనియ్య," అని ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

వారం చివర మా ఆయన వస్తే ఆయనకూ చెప్పాను. ఆ మహానుభావుడు తండ్రిని చూసి అవునన్నాడు, నన్ను చూసి అవునన్నాడు, సోమవారం గనికి వెళ్ళిపోయాడు. నెల రోజులు మామకు రొట్టెలు పెట్టాను, నీళ్ళు పెట్టాను, మాట మాత్రం పెట్టలేదు. ఆయన మొండి, నేను అంతకు మించిన మొండి. చివరికి అంగడికి బయలుదేరే రోజున, నా గొర్లను నా చేతుల మీదుగానే పంపిస్తాను, నేనూ వస్తానని చెంగు బిగించి ముందు నిలబడ్డాను. అరణపు గొర్లను ఆడమనిషి ఒప్పుకోకుండా అమ్మడం మా ఇళ్ళల్లో లేదు కాబట్టి ఆయన కాదనలేకపోయాడు.

పరిగి దాకా బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి నడిచి కుల్కచర్ల చేరుకున్నాం. మరునాడు తెల్లవారాక మా మరిది మందను లేపాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అడిగితే దుమ్ము అన్నాడు. నా గొర్లలో చెవి మచ్చది ఒకటి నా కొంగు వాసన చూసి పక్కనే నడవసాగింది, నేను దాని ముఖం చూడలేదు.

కోసెడు దూరం నడిచామో లేదో, చేలో నుంచి ఓ రైతు పరుగెత్తుకొచ్చి, "ఓ మందలాయనా, జర ఆగు, మా చెల్కల రెండు రాత్రులు మంద పెట్టు," అన్నాడు. అంగడికి పోతున్నామని మామ చెప్పాడు. ఇంకొంచెం దూరం పోయాక ఇంకొకడు అడిగాడు. మూడోచోట ఓ ముసలి పెద్దరైతు, తలపాగా చుట్టుకున్నవాడు, స్వయంగా రోడ్డు మీదికి వచ్చి, చేతులు రెండూ జోడించి, ఒకటి కాదు, మూడు కుంచాలు పోస్తానన్నాడు. తర్వాత నాకు తెలిసింది, ఒకప్పుడు మామ మందను బందెలదొడ్డిలో పెట్టించి ఎండలో నిలబెట్టింది ఆ చేతులేనని. ముసలాయన మామను గుర్తుపట్టలేదు. మామ మాత్రం ఆ జోడించిన చేతుల నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

ఏదో ఒక సమాధానం చెప్పి ఆయనను పంపించి, మామ రోడ్డు పక్కన రాతిగుండు మీద కూలబడి చుట్ట ముట్టించాడు. నెల రోజుల తర్వాత నేను నోరు తెరిచాను. "మామా, తొవ్వ పొడుగునా అందరి చేన్లకు మన మంద కావాలె. మన చేనుకే అక్కెర లేదా?" ఆయన చుట్టను చివరిదాకా పీల్చాడు. దాన్ని నేలకేసి నలిపి, నా వైపు చూడకుండానే, "ఏ చెల్క ఇడుద్దామంటవు బిడ్డా?" అన్నాడు. ఆ జవాబు నా నోట్లో నెల నుంచీ సిద్ధంగా ఉంది. పడమటి నాలుగెకరాలు అన్నాను. చెరకు, మిరప కూడా తీసేద్దాం, ఎడ్లకు ఊపిరి ఆడుతుంది అన్నాను. ఆ మిరప మడి నేను ప్రాణంగా పెంచుకున్నదని ఆయనకు తెలుసు, అప్పుడు తలెత్తి నా ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత లేచి మరిదికి, "తిప్పురా మందను," అని కేక వేశాడు. నేను చెవి మచ్చ గొర్రె మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం!

అంతా తేనెలా సాగిందని చెప్పను. ఆ ఏడు పడమటి వైపు గడ్డి మొలుస్తుంటే మామ అటు తిరిగి కూర్చునేవాడు కాడు. ఆసామి అవుదామనుకుని మళ్ళీ గొంగడి కప్పుకున్నాడని ఊళ్ళో నవ్వినవాళ్ళు నవ్వారు. నాకూ కారం కొనుక్కునే ప్రతిసారీ ఒళ్ళు మండేది. రెండో ఏడు మాత్రం, మా మంద మా చేలోనే పడుకున్న తర్వాత, మిగిలిన ఐదెకరాల్లో కంది ఆయన నెత్తిని దాటి లేచింది. మా ఆయన గని మానేసి ఇంటికి వచ్చాడు, దగ్గు తగ్గింది. మామ నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు కానీ, తాండూరులో కనిపించిన వాళ్ళకల్లా, "మా కోడలు నన్ను గొర్లమ్ముకోనియ్యలే," అని ఫిర్యాదు చేసేవాడట, అదీ మీసం దువ్వుకుంటూ.

మనవడి కాగితం మీద నేను ఒక్క పేరూ కొట్టెయ్యలేదు. లేచి తోట చుట్టూ చూశాను. నాలుగు వైపులా పాతిన రాతి కడీలు, వాటికి ఐదు వరసల ముళ్ళతీగ, గేటు పక్కన ఎరువుల సంచులు. తిరిగి వస్తుంటే రోడ్డు మీద ఓ మంద ఎదురైంది. కారు ఆపించి, అద్దం దించి, మా చేన్ల మంద పెడతావా అని కాపరిని అడిగాను. అతను నా వైపు వింతగా చూసి, "ఎన్నేండ్లాయె పెద్దమ్మా గీ మాట ఇనక," అన్నాడు. చేను ఎక్కడో చెబితే, "అండ్లకు ఎట్ల రావాలె, అంత తీగనే గదా," అని నవ్వి గొర్లను అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఏం తీసెయ్యాలని కదా అడిగావు, ముందు ఒక పక్క ఆ తీగ తీసెయ్యి, తర్వాత సగం నేల గడ్డికి వదులు, ఆ తర్వాత మిగతావి మాట్లాడదాం అన్నాను మావాడితో. ఆలోచిస్తా నానమ్మా అన్నాడు, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. వదిలే మనిషిని కాను, రోజూ అడుగుతున్నాను. మా మామను ఒప్పించడానికి నాకు ఒక నెల పట్టింది. అప్పుడు నా చేతిలో ఎన్నో నెలలు ఉండేవి.