మాల్ఖాజ్ పట్టిన నిశ్శబ్దాలు

చేపలు పట్టేవాళ్ళను అందరూ చూసే ఉంటారు. మా మాల్ఖాజ్ నిశ్శబ్దాన్ని పట్టేవాడు. మెడలో తనకంటే వయసులో పెద్దదైన రికార్డరు, చెవులకు అప్పాలంత హెడ్‌ఫోన్లు, చేతిలో మైకు. ఎక్కడికి వెళ్ళినా ఉన్నట్టుండి అరచెయ్యి పైకెత్తి, "ఒక్క నిమిషం! ఎవరూ కదలకండి!" అని కేకపెట్టేవాడు. నిశ్శబ్దం కోసం అంత గట్టిగా అరిచిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ వేసవిలో సినిమా చదువుకునే మేం పన్నెండుమందిమి జార్జియాలో తెలావి అనే ఊళ్ళో ఒక సత్రంలాంటి ఇంట్లో దిగాం. పొద్దున సినిమావాళ్ళ ఉపన్యాసాలు, సాయంత్రం షికార్లు, ఆదివారం కొండలూ అడవులూ. ఇదంతా నడిపించేది గురాం మాస్టారు. చివరి రోజున రాజధాని త్‌బిలిసీ నుంచి ముగ్గురు నిర్మాతలు వస్తారు. ఒక్కొక్కరం లేచి తీయబోయే సినిమా గురించి మూడు నిమిషాలు చెప్పాలి. ఒకే ఒక్కరి సినిమాకు కెమెరా, మనుషులు, సరంజామా ఇస్తారు. అది నాకే రావాలని నా పట్టుదల. కొండదారిలో పాలబండి నడిపే మా మేనత్త మీద సినిమా తీయాలని పదిహేనేళ్ళ వయసు నుంచి అనుకుంటున్నాను.

చిక్కల్లా ఒకటే. నాకు నత్తి. మాట గొంతుదాకా వచ్చి, గుమ్మంలో చెప్పులు వెతుక్కునే చుట్టంలా అక్కడే నిలబడిపోతుంది. దాన్ని నేను భరించగలను. భరించలేనిది మావాళ్ళ మంచితనం. ఎదుటివాడి మాట ఆగిపోతే దాన్ని పూర్తిచేయకుండా జార్జియా మనిషి బతకలేడు. రెండోరోజు సాయంత్రం హోటల్లో నేను రొట్టె అడగబోయి ఆగాను. "పుట్టగొడుగులా?" "చేపలా?" "పాపం, వంకాయ కావాలంటోంది!" అని తలా ఒక మాట అందించారు. వంకాయ వచ్చింది. నాకు వంకాయంటే చచ్చేంత అసహ్యం. మారుమాట్లాడకుండా పళ్ళెం ఖాళీ చేశాను. ఎదురుగా కూర్చున్న మాల్ఖాజ్ నన్ను తేరిపార చూస్తూ రొట్టె నమిలాడు.

"అసలు నిశ్శబ్దాన్ని పట్టి ఏం చేస్తావురా?" అని ఆ రాత్రి భోజనాల దగ్గరే మాస్టారు అడిగారు.

"ఖాళీ గదికి కూడా ఒక చప్పుడుంటుంది మాస్టారూ. వంటింటిది వేరు, చర్చిది వేరు. సినిమాలో మాటకూ మాటకూ మధ్య అతుకు పడ్డచోట అది వేయకపోతే బొక్క వినిపిస్తుంది."

"నీ బుర్రలో ఉన్నది కూడా పట్టుకో. అంత స్వచ్ఛమైనది ఎక్కడా దొరకదు."

అది నిజమైన విద్యేనని నాకూ తెలుసు. కానీ వాడు ఎంచుకునే వేళలే నా ప్రాణం మీదికొచ్చాయి. నాలుగోరోజున ఒక పెద్ద ఛాయాగ్రాహకుడు ఉపన్యాసం చెప్పాడు. ప్రశ్నలడగమన్నాడు. నేను ధైర్యం చేసి లేచాను. మొదటి మాటే పెగల్లేదు. చుట్టూ పదిమంది సాయానికి నోళ్ళు తెరిచారు. ఇంతలో, "ఒక్క నిమిషం! ఎవరూ కదలకండి!"

అందరం బొమ్మలమైపోయాం. ఛాయాగ్రాహకుడు ద్రాక్షరసంలో ముంచిన అక్రోటు మిఠాయి అప్పుడే కొరికాడు. నమిలితే చప్పుడవుతుందని బుగ్గ అలాగే ఉంచి కూర్చున్నాడు. నిమిషం గడిచేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో ప్రశ్న గుక్కతిప్పుకోకుండా అడిగేశాను.

"నేను మాట్లాడబోతేనే నీకు నిశ్శబ్దం గుర్తొస్తుందా?" అని బయట నిలదీశాను.

"ఆ గదిలో ఆ వేళకి బాగుంటుంది," అన్నాడు, సిగ్గులేకుండా.

ఆదివారం జలపాతం చూడటానికి అడవికి వెళ్ళాం. గేటు దగ్గర కాపలాదారు ఒక్కొక్కరి పేరూ అడిగి పుస్తకంలో రాసుకుంటున్నాడు. నత్తి ఉన్నవాళ్ళకు అన్నిటికంటే కష్టం సొంత పేరు చెప్పడం. నా వంతు వచ్చింది. "పేరు?" అన్నాడు. నేను ఖాతునను. కానీ ఆ సంగతి బయటికి రావడం లేదు. వెనక పదకొండుమంది నా పేరు అరవడానికి ఊపిరి పీల్చారు.

"ఒక్క నిమిషం! ఎవరూ కదలకండి!"

అడవిలో ఆ మాటకు అర్థం ఒకటే. కాపలాదారు ఒక్క గెంతులో బల్ల ఎక్కాడు. "ఎలుగుబంటి ఎటువైపు?" అని గుసగుసగా అడిగాడు. ఎవరూ జవాబివ్వలేదు, మైకు నడుస్తోందిగా. పాపం, నిమిషంపాటు బల్ల మీద ఒంటికాలి మీద నిలబడ్డాడు. దిగాక నేను పేరు చెప్పాను. ఆయన అడవివైపు ఒక కన్ను వేసి రాసుకున్నాడు. పైన జలపాతం హోరు చెవులు బద్దలుకొడుతుంటే, మాల్ఖాజ్ అక్కడా ఒక నిశ్శబ్దం పట్టాడు. వాణ్ణి అందులోకి తోసేద్దామా అని వాడి వెనకనుంచి మాస్టారు మమ్మల్ని ఓట్లు అడిగారు.

మూడోవారంలో మాల్ఖాజ్ తాత గిగో తన ఊళ్ళో మాకు విందు ఇచ్చాడు. విందుపెద్ద పొరుగింటి జురాబ్ మామ. మా విందుల్లో ఊరికే తాగడం కుదరదు. విందుపెద్ద ఒక విషయం ఎత్తుకుంటాడు, ఎవరి వంతు వస్తే వాళ్ళు లేచి నాలుగు మాటలు చెప్పి తాగాలి. జురాబ్ మామ తల్లుల గురించి కన్నీళ్ళు పెట్టించేలా చెప్పి, ద్రాక్షసారా నిండిన కొమ్ము నా చేతికిచ్చాడు. కొమ్ముకు అడుగు ఉండదు, తాగేదాకా కింద పెట్టలేం. నా నోరు తెరుచుకోలేదు. బల్లచుట్టూ ముప్పైమంది పాపం అన్నట్టు చూశారు.

మాల్ఖాజ్ చెయ్యి లేచింది. "ఒక్క నిమిషం! ఎవరూ కదలకండి!"

విందుపెద్ద విందు నడిపిస్తుండగా అడ్డుపడ్డవాడు మా దేశంలో పుట్టలేదు. జురాబ్ మామ నిర్ఘాంతపోయాడు. తర్వాత ఆయనకు తోచింది ఒకటే. మా ప్రాంతంలో విందుబల్ల నిశ్శబ్దమైందంటే పోయినవాళ్ళను తలుచుకుంటున్నారని అర్థం. ఆయన టోపీ తీశాడు. మగాళ్ళంతా లేచి తలలు వంచారు. ఒక పిన్నిగారు ఎవరు పోయారో తెలియకుండానే ముక్కు చీదింది. మూల కుర్చీలో కునికిపాట్లు పడుతున్న తొంభై ఒక్కేళ్ళ గిగో తాత కళ్ళు తెరిచాడు. ఎదురుగా ముప్పైమంది తలలు వంచుకుని ఉన్నారు.

"ఏమర్రా, నేను పోయానా?"

"లేదు తాతా!"

"మరి నా గ్లాసెందుకు ఖాళీగా ఉంది?"

ఇల్లు నవ్వులతో దద్దరిల్లింది. ఆ నవ్వుల్లోనే మా అమ్మ గురించి నాలుగు ముక్కలు చెప్పి కొమ్ము ఖాళీచేశాను. ఎలా చెప్పానో నాకే తెలియదు.

చివరి రోజు రానే వచ్చింది. మొదటి వరసలో ముగ్గురు నిర్మాతలు. నా వంతు వచ్చింది. "మా మేనత్త" అని మొదలుపెట్టాలి. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను, రాలేదు. ఒక నిర్మాత గడియారం చూసుకున్నాడు. ఇంకొకాయన దయగా ముందుకు వంగి, నా మాట పూర్తిచేయడానికి పెదవులు విప్పాడు. నా సినిమా ఇక్కడే ముగిసిపోయిందనుకున్నాను.

వెనకనుంచి కేక వినిపించింది.

అలవాటుపడ్డ మావాళ్ళంతా బిగుసుకుపోయారు. మాస్టారు నోటిదాకా తెచ్చిన గ్లాసు గాలిలోనే ఆపేశారు. నిర్మాతలు ఇదేదో ఇక్కడి ఆచారమనుకుని చేతులు కట్టుకున్నారు. నాకు నిమిషమంతా దొరికింది. నా గుండె చప్పుడు విన్నాను, అది నెమ్మదించడమూ విన్నాను. తర్వాత చెప్పాను. మూడుచోట్ల ఆగాను. ఎవరూ అందించలేదు, మళ్ళీ ఆ మైకువాడు అరుస్తాడేమోనన్న భయం.

సినిమా నాకే ఇచ్చారు.

చలికాలంలో ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడు ఒకచోట అడవి నిశ్శబ్దం కావాల్సి వచ్చింది. మాల్ఖాజ్‌ను పిలిచి, "నీ నిశ్శబ్దాలు పట్రా," అన్నాను. వాడు నసిగాడు, బుర్ర గోక్కున్నాడు. నాకు అనుమానం వచ్చి రికార్డరు లాక్కుని వెనక మూత తీశాను. బ్యాటరీలు ఉండాల్సిన చోట పొద్దుతిరుగుడు గింజలున్నాయి.

"మూడోరోజే అయిపోయాయి. అంత పాత రకం తెలావిలో దొరకలేదు," అన్నాడు.

"మరి వేసవంతా ఏం పట్టావురా?"

వాడు నేల చూపులు చూశాడు. "నువ్వా వంకాయ మొత్తం తినేశావు ఖాతునా. చూడలేకపోయాను. ఆమెకొక్క నిమిషం టైమివ్వండర్రా అంటే నువ్వు నన్ను చంపేదానివి. మనవాళ్ళూ ఆగరు. మిషను కోసమంటే అందరూ ఆగుతారు."

నాకు ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ గింజలు ఇద్దరం పంచుకుని తిన్నాం. అంత మంచివాణ్ణి జలపాతంలోకి తోయడానికి నేనూ చెయ్యెత్తి ఓటేశానని ఇప్పటికీ చెప్పలేదు.

కిందటేడు మాల్ఖాజ్ పెళ్ళయింది. విందులో కొమ్ము పెళ్ళికొడుకు చేతికొచ్చింది. లేచాడు. పెళ్ళికూతురివైపు చూశాడు. అంతే, లోకమంతటి నోరూ మూయించిన మనిషికి నోరు పెగల్లేదు. చెవులు ఎర్రబడ్డాయి. బల్లచుట్టూ వందమంది అందించడానికి నోళ్ళు తెరిచారు. నేను కుర్చీ ఎక్కి చెయ్యెత్తాను.

"ఒక్క నిమిషం! ఎవరూ కదలకండి!"

పెళ్ళివారంతా లేచి తలలు వంచారు. మూలనుంచి గిగో తాత గొంతు వినిపించింది.

"ఈసారన్నా నేనేనా?"