నేను పలకనన్న మాట

సహోదరులారా, సహోదరీలారా, మారికుప్పంలో ఈ పాటల గుంపుకు ముందు నిలబడి గొంతెత్తే నేను, పోయిన ఎండాకాలం ఒక అబద్ధాన్ని మోసుకుని ఈ మందిరానికే వచ్చాను. ఒళ్లంతా నీటి పొక్కులు, జ్వరం, చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది అది ఆటలమ్మ అని! యేసును నమ్ముకున్న ఇంటికి "అమ్మ" వచ్చిందని నా నోటితో చెప్పాలా అని నాకు పంతం, అందుకే అడిగినవాళ్లకు చెమటకాయలన్నాను, పౌడరు చల్లుకుని పాట పాడాను, ఇంటికి పోయి ఏడు నెలల గర్భంతో ఉన్న కోడలు సుజాత పక్కనే కూర్చుని అన్నం తిన్నాను.

మరునాడు పొక్కులు నోట్లోకి కూడా వచ్చాక గానీ ఆస్పత్రికి పోలేదు. డాక్టరమ్మ చూసి, "ఇది చికెన్‌పాక్స్ అమ్మా, గాలిలోనే అంటుకుంటాది, పెద్దోళ్లకి ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. ఇంట్లో గర్భిణి ఎవురన్నా ఉండారా?" అని అడిగింది. ఏడు నెలల కోడలుందని చెప్పాను. ఇదివరకు రాని గర్భిణికి అంటితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమట. నాకు మందులు రాసి, సుజాతను వెంటనే రక్తపరీక్షకు పంపమంది.

వేరే గదిలో తలుపేసుకుని ఏడ్చాను. "ప్రభువా, నీ పేరు నిలబెడతానని అబద్ధమాడినాను, నా పంతానికి ఆ పసిబిడ్డను శిక్షించొద్దు తండ్రీ!" అని మొరపెట్టాను.

అంతలో మా వియ్యపురాలు, శ్రీనివాసపురంలో మామిడికాయలు కోయిస్తూ ఫోన్ చేసింది, సంగతి విని నవ్వేసింది! "అయ్యో వదినా, దీనికా ఏడుపు? మా సుజాతకి ఆరేండ్లప్పుడే అమ్మ పోసినాది, వీపు మీద మచ్చ ఇంగా ఉండాది చూడండి!"

నేను పలకనన్న మాటతోనే దేవుడు నాకు జవాబిచ్చాడు! ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావడం అరుదని డాక్టరమ్మ చెప్పింది, రక్తపరీక్షలో కూడా సుజాతకు రక్షణ ఉందనే తేలింది. నా పక్కన పాడిన ఇద్దరక్కలకు మాత్రం పొక్కులు లేచాయి, వాళ్ల కాళ్లు పట్టుకున్నాను, బాగయ్యాక తిట్టి మరీ క్షమించారు.

ప్రియులారా, రోగం పేరు దాచకండి, డాక్టరుకు చెప్పండి, దేవునికీ చెప్పండి, ఆయన ఏ నోటితోనైనా జవాబివ్వగలడు! అదిగో, సుజాత ఒళ్లో నా మనవరాలు, నా ముక్కు మీది మచ్చను గిల్లడమే దానికి ఆట. దేవునికే మహిమ, ఇక ఆ మచ్చ ఏమిటని ఎవరడిగినా చెమటకాయ అనను!